పాత విశ్వాసం, కొత్త కలవరం: నెల్లూరు, ఒంగోలు ప్రాంత కతోలికులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇరవై ఏళ్ళుగా ఆదివారం పూజ అయ్యాక పిల్లలకు వేదపాఠం చెబుతున్నాను. ఒకప్పుడు పది ఆజ్ఞల గురించో, తపస్సుకాలంలో ఒక్కపొద్దు గురించో అడిగేవాళ్ళు. ఇప్పుడు పిల్లలే కాదు, వాళ్ళ అమ్మానాన్నలు కూడా ఫోన్ పట్టుకుని వచ్చి ఏదో ఒక వీడియో చూపించి "ఇది నిజమేనా?" అంటున్నారు. కావలిలో పెళ్ళికి వెళ్ళినా, కనిగిరిలో చావు పరామర్శకు వెళ్ళినా ఇవే ప్రశ్నలు. నేను గురువును కాను. చదివి తెలుసుకున్నది, ఫాదర్లను అడిగి సరిచూసుకున్నది రాస్తున్నాను. మీ విచారణ (ఒక ఫాదర్ గారి కింద ఉండే గుడి, దాని ఊళ్ళు) గురువు చెప్పే మాటకు ఇది పోటీ కాదు.

శ్రీసభలో (కతోలిక సంఘంలో) సంక్షోభం అంటున్నారు. అసలు ఏం జరుగుతోంది?

నాలుగైదు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఒకే మాటగా మన చెవిన పడుతున్నాయి. కొందరు గురువులు పిల్లల మీద చేసిన అఘాయిత్యాలు, వాటిని దాచిపెట్టిన పెద్దలు. పూజ ఎలా జరగాలన్న తగాదా. పెళ్ళి, కుటుంబం గురించిన బోధ మారిపోతుందేమోనన్న భయం. యూరప్‌లో ఖాళీ అవుతున్న గుళ్ళు. ప్రభుత్వాలతో రోమ్ చేసుకుంటున్న ఒప్పందాలు. వీటిలో కొన్ని నిజమైన గాయాలు, కొన్ని మాటల పోట్లాటలు. యూట్యూబ్‌లో మాత్రం అన్నిటికీ అవే ఎర్ర అక్షరాలు, అదే భయపెట్టే సంగీతం.

మన దగ్గర కష్టం వేరే రూపంలో ఉంది. సాయంత్రం జపమాల ఆగిపోయింది. పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేసి ఏళ్ళు గడిచిపోతున్నాయి. పెళ్ళికీ చావుకీ తప్ప గుడి గుర్తుకు రావడం లేదు. రోమ్‌లో ఏం జరుగుతోందోనని రాత్రి రెండింటి దాకా టెన్షన్ పడే తమ్ముళ్ళను నేను ఎరుగుదును. పోయిన పాస్క పండక్కి (ఈస్టర్‌కు) పాపసంకీర్తనం చేశావా అని అడిగితే తల దించుకుంటారు. అందుకే ఈ ప్రశ్నలన్నిటికీ నా జవాబు చివరికి ఇంటి దగ్గరికే వస్తుంది.

సంప్రదాయ విశ్వాసం అంటే లాటిన్ పూజేనా?

నాకు సంప్రదాయం అనగానే మా అవ్వ గుర్తొస్తుంది. ఆమెకు చదువు రాదు. ఊళ్ళో జపాలు నేర్పి ప్రార్థన నడిపించే ఉపదేశి నోటితో చెప్పగా విని నేర్చుకున్న జపాలు చివరి రోజు దాకా ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పేది. "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము" అని మొదలుపెడితే వాకిట్లో ఆడుకునే పిల్లలం వచ్చి చాప మీద కూర్చోవలసిందే. శుక్రవారం ఇంట్లో నీసు వండేది కాదు. గుడి మెట్ల దగ్గర చెప్పులు విడిచి, నెత్తిన కొంగు కప్పుకుని లోపలికి వెళ్ళేది. దివ్యసత్ప్రసాదం ఉంచే మందసం ముందు మోకాళ్ళూనకుండా ఏనాడూ దాటలేదు. ఊళ్ళో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే కొవ్వొత్తి తీసుకుని వెళ్ళి, ఫాదర్ గారు వచ్చే వరకు మంచం పక్కన జపం చేస్తూ కూర్చునేది. రెండో వాటికన్ మహాసభ పేరు ఆమె వినలేదు. ఆమె చెప్పిన జపాల్లో ఒక్క లాటిన్ మాట లేదు.

అమెరికాలో కొందరు యువతులు ఇప్పుడు ముసుగు వేసుకుని పూజకు వెళ్ళడం గొప్ప మార్పుగా వీడియోలు పెడుతున్నారు. మంచిదే. మన పల్లెల్లో ఆ అలవాటు తెగిపోనే లేదు.

శ్రీసభ దృష్టిలో సంప్రదాయం అంటే అపొస్తలుల నుంచి మనకు అందిన మొత్తం: విశ్వాస సంగ్రహం, ఏడు దివ్యసంస్కారాలు, పది ఆజ్ఞలు, ప్రార్థన. లాటిన్ దాన్ని ఎన్నో శతాబ్దాలు మోసిన పాత్ర. ఆ పాత్రకు గౌరవం ఇవ్వాలి. దాని పేరు చెప్పుకుని లోపలిది ఒలకబోసుకోకూడదు.

రెండో వాటికన్ మహాసభ లాటిన్‌ను రద్దు చేసిందా?

లేదు. 1962 అక్టోబరు 11 నుంచి 1965 డిసెంబరు 8 దాకా జరిగిన ఆ మహాసభ (ప్రపంచంలోని బిషప్‌లంతా కలిసిన సమావేశం), ఆరాధన గురించిన తన పత్రాన్ని 1963 డిసెంబరు 4న వెలువరించింది. అనుకూలంగా 2,147 ఓట్లు, వ్యతిరేకంగా 4. లాటిన్ వాడకాన్ని నిలుపుకోవాలని, ప్రజల భాషకు మరింత చోటు ఇవ్వవచ్చని ఆ పత్రంలోనే రాశారు. గ్రెగోరియన్ గానానికి అగ్రస్థానం ఇవ్వాలనీ ఉంది. 1969లో ఆరో పౌలు పోపుగారు కొత్త పూజగ్రంథాన్ని విడుదల చేశాక దేశదేశాల్లో దాదాపు అంతా సొంత భాషల్లోకి మారిపోయింది. అంటే మహాసభ కాగితం మీద చెప్పినదానికీ తర్వాత జరిగినదానికీ మధ్య ఖాళీ ఉంది. ఆ ఖాళీని చూపించి బాధపడేవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు.

అయితే మన వైపు నుంచి కూడా ఒక మాట. మా నాయన చిన్నప్పుడు పూజలో గురువుకు జవాబులు చెప్పే కుర్రాడు. నెల్లూరు మేత్రాసనం (ఒక బిషప్ గారి పరిధి) 1928లో మద్రాసు నుంచి విడిపడి ఏర్పడింది. మిల్‌హిల్ సభకు చెందిన తెల్లదొరల ఫాదర్లు దాన్ని నడిపిన కాలం అది. "ఎత్ కుమ్ స్పిరితు తువో" అని అర్థం తెలియకుండానే నాయన బట్టీపట్టాడు. వెనక కూర్చున్న ఆడవాళ్ళు పూజ జరిగినంతసేపూ జపమాల చెప్పుకునేవాళ్ళట, గంట మోగినప్పుడు తలెత్తి చూసేవాళ్ళట. ఆ నిశ్శబ్దం మళ్ళీ దొరకలేదని నాయన చివరి దాకా అనేవాడు. తెలుగులో మొదటిసారి "ఇది నా శరీరము" అని విన్నప్పుడు ఒళ్ళు జలదరించిందనీ ఆయనే చెప్పాడు. ఈ రెండు మాటల్లో ఏదీ కొట్టిపారేయడానికి నాకు మనసు రాదు.

మన మేత్రాసనంలో పాత లాటిన్ పూజ కావాలని అడగవచ్చా?

అడగవచ్చు, బిషప్ గారిని మాత్రమే. 2007లో పదహారో బెనెడిక్టు పోపుగారు 1962 నాటి పూజగ్రంథాన్ని ఏ గురువైనా వాడుకునేలా తలుపు బాగా తెరిచారు. 2021 జులై 16న ఫ్రాన్సిస్ పోపుగారు ఆ నిర్ణయాన్ని వెనక్కు తీసుకుని, అనుమతి ఇచ్చే అధికారం మేత్రాణులకు (బిషప్‌లకు) అప్పగించారు. ఆ తేదీ తర్వాత గురుపట్టం పొందినవారు అడిగితే మేత్రాణులు రోమ్‌ను సంప్రదించాలి. పాత పూజను ప్రేమించేవాళ్ళలో చాలామంది దీనికి గాయపడ్డారు. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. ఆ ప్రేమను విభజనకు వాడుకున్నవాళ్ళు కూడా ఉన్నారు కాబట్టే ఈ ఆంక్ష వచ్చిందని ఫ్రాన్సిస్ గారు స్వయంగా రాశారు.

ఈలోగా తెలుగు పూజనే భక్తితో జరుపుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పది నిమిషాలు ముందు వెళ్ళి మౌనంగా కూర్చుని చూడండి.

తమిళనాడులో పదో భక్తినాథ సభవాళ్ళ గుడి ఉందట. అక్కడికి వెళ్ళవచ్చా?

పాత లాటిన్ పూజనే జరుపుతూ మహాసభ మార్పులను వ్యతిరేకించే ఆ సభను 1970లో ఫ్రాన్సుకు చెందిన అగ్రపీఠాధిపతి మార్సెల్ లెఫెవ్ స్థాపించారు. వాళ్ళ కేంద్రం ఒకటి పాళయంకోట్టైలో ఉంది. 1988 జూన్ 30న ఆయన పోపుగారి ఆదేశం లేకుండా నలుగురిని మేత్రాణులుగా అభిషేకించారు. దానికి వెలివేత వచ్చింది. 2009లో బెనెడిక్టు గారు ఆ నలుగురి మీద వెలివేత ఎత్తేశారు. ఫ్రాన్సిస్ గారు 2015లో మొదలైన కరుణా సంవత్సరం నుంచి వాళ్ళ గురువులు వినే పాపసంకీర్తనాలు చెల్లేలా అనుమతి ఇచ్చారు. అంటే రోమ్ వాళ్ళను శత్రువులుగా చూసి తలుపు వేసేయలేదు. అలాగని శ్రీసభలో వాళ్ళకు నియమబద్ధమైన స్థానమూ రాలేదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీ ఊరి గుడిని, మీ మేత్రాణులను వదిలి రైలెక్కి అక్కడికి వెళ్ళకండి. వేళాంగణ్ణికి మొక్కుబడి కోసం వెళ్ళినట్టు కాదు ఇది. మీ బిడ్డకు జ్ఞానస్నానం ఇచ్చే చోటు, మీ తల్లిని పూడ్చే చోటు మీ విచారణ.

"ఇప్పుడున్న పోపు అసలు పోపే కాదు" అనే వీడియోలు వస్తున్నాయి. నమ్మాలా?

నమ్మకండి. పోపు పీఠం ఖాళీగా ఉందని కొందరు మహాసభ కాలం నుంచే అంటున్నారు. 2013లో బెనెడిక్టు గారు రాజీనామా చేసినప్పుడు అది చెల్లదని మరికొందరు మొదలుపెట్టారు. ఆయనే తన రాజీనామా చెల్లుతుందని చెప్పారు, 2022 డిసెంబరు 31న కన్నుమూశారు. పోపుగారి అధికారాన్ని ఒప్పుకోనన్న అగ్రపీఠాధిపతి విగానోకు 2024 జులైలో వెలివేత ప్రకటించారు. పోపుగారికి లోబడనని, ఆయనతో ఐక్యంగా ఉన్నవారితో కలవనని నిరాకరించడాన్నే శ్రీసభ చట్టం విభేదం అంటుంది. పోపుగారి నిర్ణయం ఒకటి నచ్చలేదని గౌరవంగా చెప్పడం వేరు, ఆయన పోపే కాదనడం వేరు.

ఫ్రాన్సిస్ గారు 2025 ఏప్రిల్ 21న, పాస్క పండగ మర్నాడు మరణించారు. మే 8న లియో 14వ పోపుగారు ఎన్నికయ్యారు. ఓటు వేసిన 133 మంది కార్డినళ్ళలో మన తెలుగువారు, కర్నూలు జిల్లాలో పుట్టిన పూల ఆంథోని గారు ఉన్నారు. మనలాగే తెలుగులో జపమాల చెప్పుకుంటూ పెరిగిన మనిషి ఆ గదిలో కూర్చుని చీటీ రాశారు. ఆ ఎన్నికే బూటకమని ఎక్కడో కూర్చుని చెప్పే మనిషిని ఎందుకు నమ్మాలి?

స్వలింగ వివాహాలను శ్రీసభ ఒప్పుకుందా?

లేదు. 2023 డిసెంబరు 18న రోమ్ ఇచ్చిన ఒక ప్రకటన, అలాంటి జంటలు ఆశీర్వాదం అడిగితే గురువు పూజాక్రమం ఏదీ లేకుండా క్లుప్తంగా ప్రార్థించవచ్చని చెప్పింది. వివాహం స్త్రీ పురుషుల మధ్యే అన్న బోధ మారలేదని అందులోనే ఉంది. ఆఫ్రికా మేత్రాణులు తమ దగ్గర దీన్ని అమలు చేయబోమని 2024 జనవరిలో అన్నారు, రోమ్ వాళ్ళను శిక్షించలేదు. నా మట్టుకు ఆ పత్రం ఇంకా స్పష్టంగా రాసి ఉండాల్సింది. సామాన్యులను అంతగా కలవరపెట్టిన పత్రానికి పదిహేడు రోజుల్లోనే మరో వివరణ ఇవ్వాల్సి రావడం మంచి గుర్తు కాదు. అయితే ఇంట్లో అలాంటి బిడ్డ ఉంటే కొట్టి తరిమేయమని శ్రీసభ ఎన్నడూ చెప్పలేదు. గౌరవంతో, కరుణతో చూడమని శ్రీసభ సత్యోపదేశ గ్రంథంలోనే ఉంది.

గురువులు చేసిన నేరాల గురించి విన్నాక విశ్వాసం ఎలా నిలుపుకోవాలి?

ఈ ప్రశ్న అడిగినవాళ్ళకు తొందరపడి ఓదార్పు చెప్పకూడదని నేర్చుకున్నాను. 2002లో అమెరికాలోని బోస్టన్ నుంచి బయటపడినవి చిన్నవి కావు. అక్కడ ఒకప్పుడు కార్డినల్‌గా ఉన్న మెకారిక్‌ను 2019లో గురుత్వం నుంచే తొలగించాల్సి వచ్చింది. అదే ఏడాది ఫ్రాన్సిస్ గారు, మేత్రాణుల మీద వచ్చే ఫిర్యాదులకు కూడా విచారణ పద్ధతి పెడుతూ చట్టం తెచ్చారు. ఇదంతా జరగాల్సిన కాలానికి చాలా ఆలస్యంగా జరిగింది.

మనం చేయాల్సింది ఒకటుంది. మన దేశంలో 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, బిడ్డ మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోవడం కూడా నేరమే. చైల్డ్‌లైన్ నంబరు 1098. చేసినవాడు ఫాదరైనా, ఉపదేశైనా, వేదపాఠం చెప్పే నాలాంటివాడైనా తేడా లేదు. "గుడి పరువు పోతుంది" అని పెద్దమనుషులు కూర్చోబెట్టి సర్దిచెబితే లొంగకండి. గుడి పరువు తీసినది నేరం. ఫిర్యాదు చేసిన తల్లి ఏ పరువూ తీయలేదు.

మా ఊళ్ళో కతోలికులకు రెండు శ్మశానాలు ఉన్నాయి. ఇది కూడా సంప్రదాయమేనా?

కాదు. ఇది పాపం. మన ప్రాంతపు అసలు సంక్షోభం ఇదేనని నేను అనుకుంటాను.

మన దగ్గర కతోలికుల్లో మాల, మాదిగ కుటుంబాలున్నాయి, రెడ్డి, కమ్మ కుటుంబాలున్నాయి. అందరూ ఒకే మందసం ముందు మోకాళ్ళూనుతారు. సమాధి దగ్గరికి వచ్చేసరికి గోడ లేస్తుంది. నేను చిన్నప్పుడు మా ఊళ్ళోనే చూశాను. పండగనాడు తేరు పెద్ద వీధిలో తిరిగి వెనక్కు వచ్చేసింది, పల్లె (దళితవాడ) వైపు మళ్ళలేదు. మా ఇంటి ముందు మరియమాతకు కొవ్వొత్తులు వెలిగించి నిలబడ్డ ఆడవాళ్ళు, తేరు రావడం లేదని తెలిశాక గాలికి ఆరిపోయిన కొవ్వొత్తుల్ని చీరకొంగులో మూటగట్టుకున్నారు. మా అవ్వ వాళ్ళలో ఉంది. ఆమె ఏమీ అనలేదు. ఆ రాత్రి కూడా జపమాల చెప్పింది.

భారత కతోలిక మేత్రాణుల సమాఖ్య 2016 డిసెంబరులో దళితుల గురించి ఒక విధానపత్రం ప్రకటించి, అంటరానితనం శ్రీసభ లోపలే ఉందని ఒప్పుకుంది. 2022 ఆగస్టు 27న పూల ఆంథోని గారు కార్డినల్ అయ్యారు. దళిత కుటుంబం నుంచి వచ్చిన మొదటి కార్డినల్. ఆ రోజు మా ఇళ్ళలో జరిగిన సంతోషం మామూలుది కాదు. అయినా రోమ్‌లో ఎర్రటోపీ వస్తే మన ఊళ్ళో గోడ దానంతటదే కూలదు. ఎవరో ఒకరు పారతో మొదలుపెట్టాలి. లాటిన్ పూజ గురించి, పాత భక్తి గురించి ఎంతో ఆవేదనగా మాట్లాడే అన్నలను నేను అడిగేది ఒక్కటే: మీ ఊరి శ్మశానం ఎన్ని ముక్కలుగా ఉంది?

సర్టిఫికెట్‌లో "హిందూ" అని ఉంది, ఆదివారం పూజకు వెళ్తాను. నేను విశ్వాసాన్ని దాచినట్టా?

చాలామంది గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు బీసీ-సి కిందికి వస్తారు, రిజర్వేషన్ ఒక్క శాతం. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊళ్ళో కులం పోలేదు. కులం వల్ల దక్కాల్సిన రక్షణ మాత్రం పోయింది. దీన్ని సరిచేయాలని 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం కూడా చేసింది.

అబద్ధం చెప్పమని నేను ఎవరికీ సలహా ఇవ్వను. పిల్లవాడి ఇంజనీరింగ్ సీటు కోసం కాగితం ముందు నిలబడి వణికిపోయిన తండ్రిని తీర్పు తీర్చే హక్కు కూడా నాకు లేదు. మీ పరిస్థితి పాపసంకీర్తనంలో గురువుకు చెప్పండి. చట్టం సంగతి తెలిసిన లాయరును అడగండి. ఒకటి మాత్రం తెలుసుకోండి: పాశ్చాత్య దేశాల్లో విశ్వాసం కోసం పడే కష్టాల గురించి మీరు చూసే వీడియోల్లో ఎక్కడా ఈ కష్టం ఉండదు. మీ మోయరాని సిలువ వాళ్ళకు కనబడదు, ప్రభువుకు కనబడుతుంది.

చైనాతో రోమ్ ఒప్పందం విశ్వాసులకు ద్రోహం కాదా?

2018 సెప్టెంబరు 22న కుదిరింది. మేత్రాణుల నియామకంలో చైనా ప్రభుత్వానికి కొంత పాత్ర ఇస్తుంది. పూర్తి పాఠం బయటపెట్టలేదు. 2020, 2022, 2024లో పొడిగించారు. హాంకాంగ్ కార్డినల్ జెన్ దీన్ని మొదటినుంచీ గట్టిగా వ్యతిరేకించారు. 2023లో షాంఘైకి చైనా తనంతట తానే ఒకరిని మేత్రాణిగా పంపింది, మూడు నెలలకు పోపుగారు దాన్ని ఒప్పుకోవాల్సి వచ్చింది. రహస్య ప్రార్థనల్లో ఏళ్ళు గడిపిన చైనా విశ్వాసుల గుండె మండితే తప్పు పట్టలేం.

రాజులతో ఈ పేచీ మనకు కొత్త కాదు. ఒకప్పుడు భారతదేశంలో మేత్రాణులను ప్రతిపాదించే హక్కు పోర్చుగల్ రాజుది. ఆ హక్కు వల్ల మన పాత మద్రాసు ప్రాంతంలో మైలాపూరు ఒక అధికారం కింద, మద్రాసు ఇంకో అధికారం కింద పక్కపక్కనే నడిచాయి. చివరికి 1952లో రెండూ కలిశాయి. శ్రీసభ ఇలాంటి ఒప్పందాలు చేసుకుంది, నష్టపోయింది, బయటపడింది. నా లెక్కలో చైనా ఒప్పందం ఇప్పటిదాకా ఇచ్చినదానికంటే తీసుకున్నదే ఎక్కువ. అయినా లోపల ఎన్ని ప్రాణాలు ఆధారపడి ఉన్నాయో తెలిసిన వాళ్ళే ఆ బరువు మోస్తున్నారు.

సంప్రదాయ కతోలికుడు అమెరికాలో ఫలానా పార్టీనే సమర్థించాలా?

ఆ దేశపు ఓటరు కానివారికి ఈ ప్రశ్న ఎందుకని నేను మొదట అనుకున్నాను. తర్వాత అర్థమైంది, ఆ వీడియోలన్నీ విశ్వాసాన్నీ పార్టీనీ ఒకే విస్తట్లో కలిపి వడ్డిస్తున్నాయి. గర్భస్థ శిశువు ప్రాణం గురించి ఒక పార్టీ మాట్లాడుతుంది, శ్రీసభ బోధ కూడా అదే. వలస వచ్చిన పేదవాడి గురించీ శ్రీసభకు బోధ ఉంది. 2025 జనవరిలో అమెరికా ఉపాధ్యక్షుడు వాన్స్, తాను కతోలికుడే, ముందు సొంతవాళ్ళను ప్రేమించాలన్న క్రమం మన పాత బోధలో ఉందని వాదించారు. ఫిబ్రవరి 10న ఫ్రాన్సిస్ పోపుగారు అమెరికా మేత్రాణులకు రాసిన లేఖలో, ప్రేమలోని క్రమం ఏమిటో, దారిలో పడి ఉన్న పరాయివాణ్ణి ఆదుకున్న మంచి సమరయుని కథలో చూడమన్నారు. కువైట్‌కీ డాలస్‌కీ పిల్లలను పంపిన మనకు ఆ లేఖ ఎవరి గురించో వేరే చెప్పాలా?

అదే ఏడాది ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు నెల్లూరు రొయ్యల గుంటల దగ్గర ఏం జరిగిందో అందరం చూశాం. లియో 14వ పోపుగారు ఆ పేరు ఎంచుకున్నది 1891లో కార్మికుల హక్కుల మీద చారిత్రక లేఖ రాసిన 13వ లియోను తలచుకునే. చీమకుర్తి రాతి క్వారీల్లో, పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర, రొయ్యల షెడ్లలో పనిచేసే మనవాళ్ళకు న్యాయమైన కూలి అందడం కూడా సంప్రదాయ బోధే. ఆ లేఖకు 130 ఏళ్ళు దాటాయి.

గాజా, ఉక్రెయిన్ యుద్ధాల్లో కతోలికులు ఎవరి పక్షం?

చనిపోతున్నవాళ్ళ పక్షం. గాజాలో ఉన్న ఒకే ఒక్క కతోలిక విచారణ తిరుకుటుంబ దేవాలయం. 2023 అక్టోబరు నుంచి ఫ్రాన్సిస్ గారు దాదాపు ప్రతి సాయంత్రం అక్కడికి ఫోన్ చేసి, ఏం తిన్నారని అడిగేవారు. 2025 జులై 17న ఆ గుడి మీద దాడి జరిగి ముగ్గురు మరణించారు. వాళ్ళ కోసం ప్రార్థించండి. 2023 మే నుంచి మంటల్లో ఉన్న మణిపూర్‌ను కూడా ఆ ప్రార్థనలో మరిచిపోకండి.

మూడు రోజుల చీకటి వస్తుందని, మైనపు కొవ్వొత్తులు కొనుక్కోమని వాట్సాప్‌లో వచ్చింది.

శ్రీసభ బోధలో అలాంటిది లేదు. పునీత మలాకీ పేరుతో తిరిగే "చివరి పోపు" జాబితా 1595లో మొదటిసారి అచ్చయింది, ఆ పునీతుడు పోయిన దాదాపు 450 ఏళ్ళ తర్వాత. ఆ జాబితా ప్రకారం ఫ్రాన్సిస్ గారితో అంతా అయిపోవాలి. పోర్చుగల్‌లోని ఫాతిమాలో మరియమాత పిల్లలకు కనిపించి చెప్పిన మూడో రహస్యాన్ని రోమ్ 2000 జూన్ 26న ప్రచురించింది. ఫాతిమా మాత అడిగింది మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు: రోజూ జపమాల.

పక్కింటి బాప్టిస్టులు, పెంతెకొస్తువాళ్ళు "ఆర్.సి.ఎం. వాళ్ళు విగ్రహాలకు మొక్కుతారు" అంటారు. ఏం చెప్పాలి?

కోపం తెచ్చుకోకండి. ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టుల చరిత్ర చాలా పెద్దది. 1876-78 కరువులో అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పని తీసుకుని పేదలకు కూలి ఇప్పించారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. మన బంధువుల్లో సగం మంది ఆ వంశాలవాళ్ళే. వాళ్ళకు బైబిలు మీద ఉన్న పట్టు చూసి మనం నేర్చుకోవాలి.

స్వరూపాల గురించి ఇలా చెప్పండి: ఇంట్లో పోయిన అమ్మ ఫొటోకు దండ వేస్తాం, ఆ కాగితాన్ని అమ్మ అనుకోం. ఆరాధన దేవునికి ఒక్కడికే. మరియమ్మను మా కోసం ప్రార్థించమని అడుగుతాం.

ఇక మన పిల్లలు వాళ్ళ కూటాలకు ఎందుకు వెళ్తున్నారో కూడా ఆలోచించండి. జ్వరం వస్తే ఆ పాస్టరు ఇంటికొచ్చి ప్రార్థిస్తాడు. మన దగ్గర ఎవరు వెళ్తున్నారు?

హిందూ, ముస్లిం స్నేహితుల పండగలకు వెళ్ళవచ్చా?

వెళ్ళండి, తినండి, శుభాకాంక్షలు చెప్పండి. రొట్టెల పండగకు స్వర్ణాల చెరువు దగ్గర ఎన్ని మతాలవాళ్ళు కలుస్తారో నెల్లూరివాళ్ళకు చెప్పక్కర్లేదు. ఇతర మతాల్లోని సత్యాన్ని, పవిత్రతను శ్రీసభ తిరస్కరించదని 1965లోనే మహాసభ చెప్పింది. మొక్కు మాత్రం క్రీస్తుకే. పూజలో హారతి, అంజలి ఎందుకని కొందరు అడుగుతారు. 1969లో భారతదేశానికి రోమ్ అనుమతించిన పన్నెండు అంశాల్లో అవి ఉన్నాయి.

దివ్యసత్ప్రసాదం నాలుకపైనే తీసుకోవాలా?

నాలుకపై తీసుకునే హక్కు ప్రతి విశ్వాసికీ ఎప్పుడూ ఉంటుంది, 2004లో రోమ్ స్పష్టంగా చెప్పింది. చేతిలో అనుమతి ఉన్నచోట అదీ తప్పు కాదు. ఎలా తీసుకున్నా చావైన పాపంలో (ఆత్మను చంపే పెద్ద పాపంలో) ఉంటే ముందు పాపసంకీర్తనం.

గుడిలో డ్రమ్స్, కీబోర్డు చెవులు చిల్లులు పడేలా కొడుతున్నారు.

నాకూ బాధే. పాటల బృందంలోని పిల్లలతో కూర్చుని ప్రేమగా చెప్పండి. సత్ప్రసాదం తర్వాత అయిదు నిమిషాలు ఏ వాయిద్యమూ వద్దని ఫాదర్ గారిని అడగండి.

మా ఊరికి ఫాదర్ గారు నెలకొకసారే వస్తారు. మిగతా ఆదివారాలు ఏం చేయాలి?

పూజకు వెళ్ళే వీలు లేనప్పుడు కలిసి వాక్యం చదువుకుని ప్రార్థించమని శ్రీసభ చట్టమే సిఫారసు చేస్తోంది. మన ఉపదేశులు తరతరాలుగా చేస్తున్నది అదే. ఆ రోజు సువార్త గట్టిగా చదవగలిగిన పిల్లవాడి చేత చదివించండి. విశ్వాస సంగ్రహం, పరలోక జపం, ఒక జపమాల. మంచం పట్టినవాళ్ళ పేర్లు చదవండి, తర్వాత నలుగురు వెళ్ళి వాళ్ళను చూసి రండి. ఫాదర్ గారు వచ్చే రోజున పాపసంకీర్తనానికి ఎవరెవరు ఉన్నారో ముందే ఫోన్ చేసి చెప్పండి, ఆయన గంట ముందు బయలుదేరతారు.

మా ఊళ్ళో ఉదయం ఏడింటికి గంట కొడతారు. ఉపదేశిగారు పోయాక గుడి తాళంచెవి ఆయన కోడలి దగ్గర ఉంది. ఆమే కొడుతుంది.